అన్నా సారా కుగ్లర్

అన్నా సారా కుగ్లర్ (ఏప్రిల్ 19, 1856 - జూలై 26, 1930) అమెరికాకు చెందిన వైద్యురాలు, లూథరన్ మిషనరీ. 1883లో గుంటూరు వచ్చి మరణించేవరకు, అంటే దాదాపు 47 సంవత్సరాలు, ఈ ప్రాంతపు స్త్రీలకు, పిల్లలకు వైద్యసేవలు అందించింది. 1897లో ఈమె స్థాపించిన ఆసుపత్రి తరువాతి కాలంలో కుగ్లర్ ఆసుపత్రి అనే పేరుతో ప్రసిద్ధి చెందినది. వైద్యం చేయడంతోపాటు స్థానిక యువతులకు నర్సింగు, పురుడు పోయడం, మందులు కలపడం వంటి వృత్తివిద్యలు నేర్పే ఏర్పాటు చేయడం ఈమె కృషిలో ముఖ్యమైన భాగం. తెలుగు జిల్లాలలో వైద్య కళాశాల అనేది లేని రోజులలో ఈ ఆసుపత్రి ఒక విద్యాలయంగా కూడా పనిచేసింది.

బాల్యము, విద్య

అన్నా కుగ్లర్ అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియా నగరానికి సమీపంలోని ఆర్డ్‌మోర్‌లో జన్మించింది. తండ్రి ఛార్లెస్ కుగ్లర్, తల్లి హారియట్. వారిది లూథరన్ శాఖకు చెందిన క్రైస్తవ కుటుంబం. ప్రాథమిక విద్య తరువాత ఈమె ఫిలడెల్ఫియాలోని ఫ్రెండ్స్ సెంట్రల్ పాఠశాలలో చదివింది. అనంతరం పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చేరి 1879లో వైద్య పట్టా పొందినది.

ఈ కళాశాల 1850లో స్త్రీలకు వైద్యవిద్య నేర్పడానికి ప్రత్యేకంగా ఏర్పడింది. భారతదేశానికి వచ్చిన తొలి వైద్య మిషనరీ మహిళ, 1870లో బరేలీ చేరిన క్లారా స్వెయిన్, ఈ కళాశాల విద్యార్థినియే. పాశ్చాత్య వైద్యంలో పట్టా పొందిన తొలి భారతీయ మహిళలలో ఒకరైన ఆనందీబాయి జోషీ కూడా 1886లో ఇక్కడే ఉత్తీర్ణురాలైనది. ఆనందీబాయి చదువుకోసం భారతదేశం నుండి అమెరికా చేరిన 1883వ సంవత్సరంలోనే కుగ్లర్ అమెరికా నుండి భారతదేశానికి బయలుదేరడం విశేషం. స్వదేశానికి తిరిగివచ్చిన ఆనందీబాయి వైద్యవృత్తి ప్రారంభించకుండానే 1887లో, 21 సంవత్సరాల వయసులో, కన్నుమూసింది.

ఆనాటి వైద్య విద్యార్థినులకు పాఠ్యపుస్తకాలకన్నా రోగిని దగ్గరగా చూసే అవకాశం దొరకడమే కష్టం. 1869 నవంబరులో ఈ కళాశాల విద్యార్థినులు పెన్సిల్వేనియా ఆసుపత్రిలో జరిగే బోధనకు మొదటిసారి హాజరైనపుడు మగ విద్యార్థులు వారిని గేలిచేసి, కాగితపు ఉండలు విసిరారు. ఆ తరువాత పత్రికలలో పెద్ద చర్చ నడిచింది. కళాశాల మాత్రం వెనుకకు తగ్గలేదు. స్త్రీలు నడిపే ప్రత్యేక ఆసుపత్రి ఒకటి 1861 నుండే నగరంలో ఉండేది. విద్యార్థినులు అక్కడ రోగులను పరీక్షించడం, పురుళ్ళు పోయడం, శస్త్రచికిత్సలకు సహాయపడటం నేర్చుకొనేవారు. చదివినదానిని రోగి మంచం వద్ద సరిచూసుకోవాలి అన్న పద్ధతి కుగ్లర్‌కు ఇక్కడ అలవడినది. కళాశాల డీన్‌గా ఉన్న రేచెల్ బోడ్లీ 1881లో పూర్వ విద్యార్థినులందరికీ ప్రశ్నలు పంపి, వారు వృత్తిలో ఎలా రాణిస్తున్నారో లెక్కలతో సహా వెల్లడించింది. స్త్రీలు వైద్యానికి పనికిరారు అనేవారికి ఆ సంఖ్యలే సమాధానమైనవి.

నారిస్‌టౌన్ ఆసుపత్రిలో

పట్టా పొందిన తరువాత కుగ్లర్ పెన్సిల్వేనియాలోని నారిస్‌టౌన్ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో, మహిళల విభాగంలో రెండు సంవత్సరాలు పనిచేసింది. ఆ విభాగానికి అధిపతి డాక్టర్ ఆలిస్ బెన్నెట్. అమెరికాలో ఒక ప్రభుత్వ మానసిక చికిత్సాలయపు మహిళా విభాగానికి స్త్రీ అధిపతి కావడం 1880లో ఇక్కడే మొదలు. ఆ కాలంలో మతి చలించినవారిని గొలుసులతో, పట్టీలతో కట్టివేయడం సాధారణం. బెన్నెట్ ఆ పద్ధతిని తొలగించింది. రోగులకు చేతిపనులు, సంగీతం, చిత్రలేఖనం వంటి వ్యాపకాలు కల్పించింది.

చేతికి పని ఇవ్వడం ద్వారా మనసును కుదుటపరచవచ్చు అనే ఈ ఆలోచన ఐరోపాలో 18వ శతాబ్దం చివరి నాటిది. ఫ్రాన్సులో ఫిలిప్ పినెల్, ఇంగ్లండులోని యార్క్ నగరంలో విలియం ట్యూక్ దీనికి ఆద్యులు. ఇదే తరువాత ఆక్యుపేషనల్ థెరపీ (వృత్తి చికిత్స) అనే ప్రత్యేక వైద్యశాఖగా రూపొందినది. అమెరికాలో దీనికొక జాతీయ సంఘం 1917లో ఏర్పడింది. భారతదేశంలో ఈ విద్యను నేర్పే తొలి పాఠశాలను 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్‌కర్ ప్రారంభించింది. ఆమె కూడా అమెరికాలో పుట్టి, భారతీయుని వివాహమాడి ఇక్కడ స్థిరపడిన మహిళయే. కుగ్లర్ ఈ శాఖకు చెందినది కాదు. అయినా, ఆ శాఖకు పునాదులు పడుతున్న చోట ఆమె తొలి ఉద్యోగం చేసింది. రోగిని బంధించి కాక గౌరవించి చికిత్స చేయాలి అన్నది అక్కడి నియమం.

గుంటూరు రాక

గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషన్ 1842లో ప్రారంభమైనది. ఆ సంవత్సరం జూలై 31న జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ (ఫాదర్ హయ్యర్) గుంటూరు చేరుకొన్నాడు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ అతనికి ఆశ్రయమిచ్చాడు. తరువాతి నాలుగు దశాబ్దాలలో పాఠశాలలు, చర్చిలు ఏర్పడినవి కాని స్త్రీలకు వైద్యం చేసే ఏర్పాటు లేదు. గుంటూరులో పనిచేసిన ఎ.డి.రోవ్ అనే మిషనరీ, ఇక్కడ వైద్యురాలి అవసరం ఎంత ఉందో వివరిస్తూ వ్రాసిన లేఖ కుగ్లర్‌ను ఆలోచింపజేసింది. ఆమె లూథరన్ మహిళా మిషనరీ సంఘానికి దరఖాస్తు చేసింది.

వైద్య సేవా కార్యక్రమం చేపట్టడానికి సంఘం సిద్ధంగా లేదు. అందువలన కుగ్లర్‌ను వైద్యురాలిగా కాక ఉపాధ్యాయినిగా, జనానాలలోని ముస్లిం స్త్రీలకు చదువు చెప్పడానికి నియమించారు. ఆమె ఆ షరతుకు ఒప్పుకొన్నది. 1883 ఆగస్టులో ఓడ ఎక్కి, నవంబరు 29న గుంటూరు చేరింది.

అప్పటి గుంటూరు

కుగ్లర్ వచ్చేనాటికి గుంటూరు ప్రత్యేక జిల్లా కాదు. 1859 నుండి 1904 వరకు ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. చుట్టూ నల్లరేగడి నేలలు, ప్రత్తి, మిరప పొలాలు. 1832-33 నాటి డొక్కల కరువు జ్ఞాపకాలు ఇంకా మరుగున పడలేదు. 1876-78 నాటి కరువు ముగిసి ఐదేళ్ళు మాత్రమే అయినది. కలరా, మశూచి తరచుగా వచ్చేవి.

స్త్రీల పరిస్థితి మరీ కష్టంగా ఉండేది. ఘోషా పాటించే కుటుంబాలలోను, అనేక అగ్రవర్ణ కుటుంబాలలోను స్త్రీని పరపురుషుడైన వైద్యుడు తాకి పరీక్షించడం జరగని పని. పురుడు పోయడం మంత్రసాని పని. అనుభవం వలన వారిలో చాలామందికి నేర్పు ఉన్నా, పురిటిని మైలగా చూడటంవలన పురిటిగదికి గాలి, వెలుతురు ఉండేవి కావు. పాతబట్టలు, శుభ్రం చేయని కొడవలి లేదా కత్తి వాడటం వలన బాలింతలకు జ్వరం, పసిపిల్లలకు ధనుర్వాతం సోకి మరణించేవారు. బిడ్డ అడ్డం తిరిగినపుడు చేయగలిగినది ఏమీ ఉండేది కాదు. ఇటువంటి చావులను తలరాత అనుకొనేవారు.

దేశంలో ఈ సమస్యపై చర్చ అప్పుడే మొదలౌతున్నది. మద్రాసు వైద్య కళాశాల 1875లో స్త్రీలను చేర్చుకొన్నది. మద్రాసులో ఘోషా స్త్రీల ఆసుపత్రి, దేశమంతటికీ ఉద్దేశించిన లేడీ డఫరిన్ నిధి 1885లో ఏర్పడినవి. ఇవేవీ గుంటూరు పల్లెలకు చేరేంత దగ్గరలో లేవు.

వైద్యురాలిగా గుర్తింపు

కుగ్లర్ తెలుగు నేర్చుకొంటూ, తనకు అప్పగించిన జనానా పని, బాలికల పాఠశాలల పని చూస్తూనే, అడిగినవారికి వైద్యం చేయసాగింది. మొదటి సంవత్సరంలో ఆమె 185 మందికి వారి ఇళ్ళలోను, 276 మందికి తాను నివసించే ఇంటివద్దను చికిత్స చేసింది. ఆసుపత్రి లేదు, మందుల గది లేదు, సహాయకులు లేరు, వైద్యురాలనే హోదా కూడా లేదు. ఈ సంఖ్యలు మాత్రం ఉన్నవి. గుంటూరు స్త్రీలు విదేశీ వైద్యురాలి వద్దకు రారు అన్న సందేహానికి ఇవి తిరుగులేని ఋజువులు. 1885 డిసెంబరులో సంఘం ఆమెను అధికారికంగా వైద్య మిషనరీగా నియమించింది.

రోగుల ఇళ్ళకు వెళ్ళడం తేలికైన విషయం కాదు. విదేశీయురాలు, అన్యమతస్థురాలు, అన్నికులాల వారినీ తాకే మనిషి కనుక ఆమె స్పర్శ అపవిత్రమని భావించేవారు. ఆ కాలపు ఆచారం ప్రకారం అటువంటివారు వచ్చివెళ్ళిన తరువాత స్నానం చేసి, ఇల్లు శుద్ధి చేసుకొనేవారు. వారు ఇచ్చిన నీళ్ళ మందు పుచ్చుకోవడానికి సంకోచించేవారు. ఒక పక్క ప్రాణభయం, మరొకపక్క మైల భయం. ఈ రెంటి మధ్య నలిగే కుటుంబంతో వాదించడంవలన ప్రయోజనం లేదు. రోగి కోలుకొంటే ఆ ఇంటివారే పొరుగువారికి చెప్పేవారు. కోలుకోకపోతే ఆ వీధి తలుపులన్నీ మూసుకొనేవి. అందువలన ప్రతి రోగి విషయంలోను వైద్యురాలి పేరుతోపాటు ఆ తరువాత రాబోయే రోగుల ప్రాణాలు కూడా పణంగా ఉండేవి.

ఆసుపత్రి నిర్మాణం

ఇళ్ళకు వెళ్ళి చేసే వైద్యానికి పరిమితులు ఉన్నవి. శస్త్రచికిత్స చేయడానికి, రోగిని రోజుల తరబడి గమనించడానికి, సహాయకులకు నేర్పడానికి ఒక స్థలం కావాలి. 1889లో కుగ్లర్ సెలవుపై అమెరికా వెళ్ళి, అక్కడి లూథరన్ మహిళా సంఘాలను కలిసి ఆసుపత్రికి నిధులు సేకరించింది. 1891లో తిరిగివచ్చిన తరువాత పట్టణంలో సేకరించిన విశాలమైన స్థలంలో మొదట డిస్పెన్సరీ నిర్మించారు. ఇది 1893లో ప్రారంభమైనది. ఆసుపత్రి భవనం 1897 జూన్ 23న ప్రారంభమైనది. గుంటూరు వచ్చిన పదమూడున్నర సంవత్సరాల తరువాత ఆమె రోగులకు పడకలు లభించినవి.

1890లలో మరొక వైద్యురాలు మేరీ బేర్, శిక్షణ పొందిన నర్సు కాథరిన్ ఫాస్ అమెరికా నుండి వచ్చి చేరారు. అంతవరకు ఒక వ్యక్తిపై ఆధారపడిన పని క్రమంగా ఒక సంస్థగా మారింది. తరువాతి కాలంలో ప్రసూతి విభాగం, పిల్లల వార్డు, శస్త్రచికిత్స విభాగం వంటివి అదే ఆవరణలో వెలసినవి.

నర్సుల శిక్షణ

ఆసుపత్రి నడవాలంటే నర్సులు కావాలి. ఆ కాలంలో నర్సు వృత్తికి గౌరవం లేదు. రక్తం, మలమూత్రాలు ముట్టుకోవడం కొన్ని కులాలకే తగిన పని అని సమాజం భావించేది. పెళ్ళికాని యువతి ఇల్లు వదలి, రాత్రిపూట వార్డులో పనిచేయడం ఊహకందని విషయం. అందువలన దక్షిణ భారతదేశంలోని మిషన్ ఆసుపత్రులన్నిటిలోను మొదటి తరం నర్సులు క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు, వితంతువులే. గుంటూరు ప్రాంతపు లూథరన్ క్రైస్తవులలో అధికులు మాల, మాదిగ కులాల నుండి వచ్చినవారు. ఊరి బావి వద్దకు రానీయనివారి బిడ్డలు మిషన్ బడులలో చదువుకొని ఈ కొత్త వృత్తికి వచ్చారు.

ఈ శిక్షణ పద్ధతిలో పాఠము, పని విడివిడిగా ఉండేవి కావు. పగలు వార్డులో పనిచేస్తూ, మిగిలిన సమయంలో శరీర నిర్మాణం, మందుల మోతాదులు, పరిశుభ్రత వంటి పాఠాలు వినేవారు. ఆంగ్లంలో ఉన్న వైద్య పుస్తకాలను తెలుగులో వివరించి చెప్పవలసి వచ్చేది. ఈ విద్యలో ముఖ్యాంశాలు ఇవి:

చేతులు కడుగుకోవడం, పరికరాలను మరిగించడం. 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు రెండు ప్రసూతి వార్డులలోని మరణాల లెక్కలు పోల్చిచూసి, వైద్యుల చేతుల ద్వారానే బాలింత జ్వరం వ్యాపిస్తున్నదని గుర్తించాడు. చేతులు సున్నపు క్లోరిన్ నీటితో కడగడం మొదలుపెట్టగానే మరణాలు బాగా తగ్గినవి. 1867లో జోసెఫ్ లిస్టర్ శస్త్రచికిత్సలో క్రిమినాశకాల వాడకాన్ని ప్రచురించాడు. కుగ్లర్ చదువుకొనేనాటికి ఈ విషయాలు ఇంకా వివాదాస్పదమే. గుంటూరులో నర్సు విద్య మొదలయ్యేనాటికి అవి ప్రాథమిక సూత్రాలైనవి.

చూసినది వ్రాయడం. జ్వరం, నాడి, శ్వాస వివరాలను వేళ తప్పకుండా చీటీలో నమోదు చేయాలి. వైద్యురాలు లేని సమయంలో రోగికి ఏమి జరిగినదో చెప్పగలిగేది ఆ చీటీయే.

రోగితో మాట్లాడటం. పథ్యం, మైల, ముహూర్తం వంటి నమ్మకాలను తూలనాడకుండా, చికిత్సకు అవసరమైనంతవరకు ఒప్పించడం. తెలుగు ఇళ్ళలో పుట్టిపెరిగిన అమ్మాయిలకు ఈ పని విదేశీ వైద్యురాలికన్నా బాగా తెలుసు. ఈ విషయంలో నేర్చుకోవలసినది నేర్పేవారే.

తన హద్దు తెలుసుకోవడం. నర్సు తానుగా ఎంతవరకు చేయవచ్చు, ఎప్పుడు వైద్యురాలిని పిలవాలి అన్నది. పురుడు విషయంలో ఈ నిర్ణయం ఆలస్యమైతే తల్లి, బిడ్డ ఇద్దరూ దక్కరు.

చికిత్సకు ఆచారం కాక పరిశీలన, ఋజువు ప్రాతిపదిక కావాలి అన్న దృక్పథాన్ని ఇప్పటి వైద్య విద్యలో ఆధారసహిత వైద్యం అంటారు. ఈ పేరు 1990లలో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ వైద్యుల వలన ప్రచారంలోకి వచ్చినది. నర్సింగు, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ వంటి అన్ని శాఖల విద్యార్థులకు ఇది పాఠ్యాంశం. పేరు లేకపోయినా, ఆ పద్ధతికి మూలమైన అలవాట్లు శతాబ్దం క్రితమే ఇటువంటి ఆసుపత్రి వార్డులలో నేర్పబడినవి.

మద్రాసు ప్రభుత్వం 1926లో నర్సులు, మంత్రసానుల చట్టం చేసి, అర్హత కలవారిని నమోదు చేసే పద్ధతి తెచ్చింది. దీనితో ఈ పని ఒక అధికారిక వృత్తిగా స్థిరపడినది. అంటరానివారుగా ఎంచబడిన కుటుంబాల నుండి వచ్చిన నర్సుల చేతిమీదుగా అగ్రవర్ణ స్త్రీలు మందు పుచ్చుకోవడం, పురుడు పోసుకోవడం ఆ వార్డులలో నిత్యకృత్యమైనది. ఏ ఉపన్యాసం వలననూ అంత త్వరగా రాని మార్పు ఇది.

ఏలూరు జమీందారు సత్రం

ఏలూరు జమీందారు, కవి, పండితుడు అయిన మంత్రిప్రెగడ భుజంగరావు కుటుంబానికి కుగ్లర్ వైద్యం చేసింది. కృతజ్ఞతగా ఆయన ఆసుపత్రికి చేరువలో రోగుల బంధువులు బస చేయడానికి సత్రం కట్టించాడు.

ఈ సత్రం ప్రాముఖ్యం ఆనాటి పరిస్థితులు తెలిస్తేనే అర్థమౌతుంది. పల్లెల నుండి రోగితోపాటు అత్త, తల్లి, భర్త, పిల్లలు కూడా బండ్లపై వచ్చేవారు. కులాచారాన్ని బట్టి ఇతరులు వండినది తినరు. వండుకోవడానికి చోటు లేకపోతే రోగిని తీసుకొని తిరిగి వెళ్ళిపోయేవారు. సత్రం ఉండటంవలన ఆచారం చెడకుండానే రోగి ఆసుపత్రిలో ఉండి చికిత్స పూర్తిచేసుకొనే వీలు కలిగినది.

ఇతర ప్రాంతాలలో కృషి

గుంటూరు ఆసుపత్రి అనుభవంతో లూథరన్ మిషన్ ఇతర పట్టణాలలోను వైద్యశాలలు నెలకొల్పింది. మేరీ బేర్ చీరాల వెళ్ళి అక్కడి ఆసుపత్రిని అభివృద్ధి చేసింది. ఆ ఆసుపత్రి ఆమె పేరుతోనే ప్రసిద్ధి పొందినది. చీరాల అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ప్రకాశం జిల్లాలో, 2022లో బాపట్ల జిల్లాలో చేరింది.

ఆంధ్ర ప్రాంతంలో తొలి వైద్య కళాశాల 1923లో విశాఖపట్నంలో ప్రారంభమైనది. 1918లో వేలూరులో ఐడా స్కడర్ స్త్రీలకోసం వైద్య పాఠశాల ప్రారంభించింది. గుంటూరు వైద్య కళాశాల 1946లో, అంటే కుగ్లర్ మరణించిన 16 సంవత్సరాల తరువాత, ఏర్పడినది.

విమర్శ

మిషన్ ఆసుపత్రుల ఉద్దేశం వైద్యం మాత్రమే కాదు, మత ప్రచారం కూడా. గుంటూరు ఆసుపత్రి కూడా ఈ పరిధిలోనే పనిచేసింది. వైద్యం కోసం వచ్చిన నిస్సహాయులకు మతబోధ చేయడం ఎంతవరకు న్యాయం అన్న ప్రశ్నను జాతీయోద్యమ కాలంలో అనేకమంది లేవనెత్తారు. 1921-22లో గుంటూరు జిల్లాలో చీరాల-పేరాల ఉద్యమం, పెదనందిపాడు పన్నుల నిరాకరణ ఉద్యమం జరిగినవి. విదేశీ పాలనతోపాటు విదేశీ సంస్థలపట్ల కూడా అనుమానం పెరిగిన కాలమది.

నిధులు, ముఖ్య నిర్ణయాలు అమెరికా నుండి రావడం, పై స్థానాలలో చాలాకాలం విదేశీయులే ఉండటం మరొక లోపం. స్థానిక నర్సుల శ్రమతోనే ఆసుపత్రి నడిచినా, మిషన్ చరిత్రలలో వారి వివరాలు తక్కువగా కనిపిస్తాయి. కుగ్లర్ గురించి వ్రాసిన వారు ఆమె త్యాగాన్ని కీర్తించినంతగా ఆమెవద్ద పనినేర్చి, పల్లెలలో పురుళ్ళు పోసిన స్త్రీల గురించి వ్రాయలేదు.

పురస్కారములు, రచన

ప్రజాసేవకు గుర్తింపుగా బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కుగ్లర్‌కు 1905లో కైజర్-ఇ-హింద్ పతకాన్ని ఇచ్చింది. 1917లో రెండవసారి అదే గౌరవం లభించినది. ఆసుపత్రి చరిత్రను వివరిస్తూ ఆమె ఆంగ్లంలో వ్రాసిన గుంటూరు మిషన్ హాస్పిటల్ అనే పుస్తకం 1928లో వెలువడినది. ఆనాటి గుంటూరు స్త్రీల ఆరోగ్య పరిస్థితులు తెలుసుకొనేందుకు ఇది ఒక ఆధార గ్రంథం.

చివరి రోజులు, స్మృతి

కుగ్లర్ వివాహం చేసుకోలేదు. వయసు పైబడినా గుంటూరు వదలలేదు. 1930 జూలై 26న, 74 సంవత్సరాల వయసులో, గుంటూరులోనే మరణించింది. అప్పటికి మూడేళ్ళ క్రితం, 1927లో, స్థానిక లూథరన్ సంఘాలు కలిసి ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి. ఆసుపత్రికి తరువాత ఆమె పేరు పెట్టారు.

కుగ్లర్ మొదటి సంవత్సరాలలో రోగుల ఇళ్ళకు తిరిగిన ఊరు చిన్నది. తరువాత గుంటూరు పట్టణం రైలుమార్గానికి అవతల కూడా విస్తరించినది. అక్కడ వెలసిన బ్రాడీపేట, అరండల్‌పేట ప్రాంతాలు ఆంగ్లేయ అధికారుల పేర్లతో, వరుస సంఖ్యలు గల లైన్లు, అడ్డరోడ్లతో ఏర్పడినవి. రైలుమార్గానికి ఒకవైపు ప్రభుత్వ ఆసుపత్రి, వైద్య కళాశాల, కుగ్లర్ ఆసుపత్రి ఉన్న కొత్తపేట, మరొకవైపు బ్రాడీపేట. ఈ రెండు వైపులను కలిపినది శంకర్ విలాస్ వంతెన. బ్రాడీపేట వీధులలో వైద్యుల క్లినిక్కులు, రక్తపరీక్షా కేంద్రాలు, మందుల దుకాణాలు వందలుగా వెలసినవి. ప్రత్తి, మిరప పండించే పల్లెలవారు వైద్యానికి గుంటూరు రావడం ఒక తరం నుండి మరొక తరానికి అలవాటుగా వచ్చినది. అలవాటు కాకముందు అది ఒక సాహసం. పురిటి నొప్పులు పడుతున్న కోడలిని మైల భయం వదలి ఆసుపత్రికి తీసుకురావడానికి మొదట ఒప్పుకొన్న కుటుంబాలు, ఆమెకు సేవచేయడానికి మొదట ముందుకు వచ్చిన నర్సులు ఆ అలవాటుకు కారకులు. వారిని ఒకచోటికి చేర్చిన వ్యక్తిగా కుగ్లర్ పేరు గుంటూరు చరిత్రలో నిలిచి ఉన్నది.

ముఖ్య ఘట్టములు

1856 ఏప్రిల్ 19: పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో జననం.
1879: పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల నుండి వైద్య పట్టా.
1883 నవంబరు 29: గుంటూరు రాక.
1885 డిసెంబరు: వైద్య మిషనరీగా అధికారిక నియామకం.
1889-1891: అమెరికాలో నిధుల సేకరణ.
1893: డిస్పెన్సరీ ప్రారంభం.
1897 జూన్ 23: ఆసుపత్రి ప్రారంభం.
1905: కైజర్-ఇ-హింద్ పతకం.
1917: రెండవసారి అదే గౌరవం.
1928: ఆసుపత్రి చరిత్ర ప్రచురణ.
1930 జూలై 26: గుంటూరులో మరణం.